విమానాశ్రయంలో వాన పడలేదు

ఏప్రిల్ 14, సోమవారం

నాకు ఫస్టొచ్చింది! నమ్మలేక ప్రొఫెసర్ నోవాక్‌ని ఇంకోసారి చదవమన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఇరవయ్యేళ్ల పిల్లల మధ్య అరవై ఎనిమిదేళ్ల మనిషి వాతావరణం పోటీలో ముందు నిలబడితే అదిరిపోవాల్సింది వాళ్లు. అయినా వాళ్లకంటే నేనే ఎక్కువ అదిరిపోయాను.

పోటీ ఏమంత బ్రహ్మవిద్య కాదు. రేపు చికాగో విమానాశ్రయంలో ఎండెంత, చలెంత, గాలెంత, వానెంత అని రోజూ సాయంత్రం అంకెలు పంపాలి. మర్నాడు అక్కడి యంత్రాలు కొలిచినదానితో సరిచూసి మార్కులు వేస్తారు. పిల్లలు కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు దించేస్తారు. నేను మ్యాపు ప్రింటు తీసుకొని రంగు పెన్సిళ్లతో ఒక్కో గీతా గీసుకుంటాను. ఇన్నేళ్లూ మైక్రోస్కోపులో కణాలు చూసి క్యాన్సరో కాదో తేల్చిన కళ్లు ఇవి. ఆపరేషన్ గదిలో సర్జన్లు ఎంత ఎగిరినా చివరికి పెథాలజిస్టు ఏమంటే అదే. రిటైరయ్యానని కళ్లు కూడా రిటైరవుతాయా?

మొదటి వారంలోనే నోవాక్ ఒక కిటుకు చెప్పాడు. చికాగోలో వసంతకాలంలో ఏ లెక్క వేసినా ముందు సరస్సును అడగమన్నాడు. మిషిగన్ సరస్సు నీళ్లు ఇంకా మంచులాగే ఉంటాయి. మధ్యాహ్నానికి వాటి మీది చల్లగాలి ఊళ్లోకి వచ్చిందంటే మేఘాలు చచ్చి ఊరుకుంటాయి. పిల్లలెవరికీ ఆ మాట చెవికెక్కలేదు. నాకెక్కింది. నా మార్కులన్నీ ఆ సరస్సు పుణ్యమే.

పక్క సీట్లో కూర్చునే అవని నోరు తెరిచి చూసింది. "ఆంటీ, నువ్వు ఎలా చేస్తున్నావ్? నేను లిటరల్లీ లాస్ట్!" ఇక్కడే పుట్టిన పిల్ల, చికాగోకు పడమటనున్న మా నేపర్‌విల్ వాళ్లమ్మాయే. మీరుకీ నువ్వుకీ తేడా తెలియదు. మొదటిరోజు నువ్వంటే ఒళ్లు మండింది, ఇప్పుడు ముద్దొస్తోంది.

ఇంటికొచ్చి ఈయనకు చెబితే, "కంగ్రాట్స్. పప్పు మాడుతోంది చూడు" అన్నారు. గోపీనాథ్ గారి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించడం నాదే పొరపాటు.

ఏప్రిల్ 26, శనివారం

రాధారాణి ఫోన్ చేసింది. వచ్చే శనివారం వనభోజనాలు. కార్తీకంలో ఇక్కడ మోకాలి లోతు మంచు కాబట్టి మేము మేలోనే కార్తీకం చేసుకుంటాం. ఉసిరిచెట్టు కింద తినాలి కదా, దానికీ రాధ ఉపాయం చేసింది. కుండీలో ఉసిరి మొక్క పెంచుతోంది. చలికాలమంతా హాల్లో దీపం పెట్టి బతికించుకుంటుంది. వనభోజనాల రోజు ఆ కుండీని తెచ్చి పార్కులో పెద్ద ఓక్ చెట్టు కింద పెట్టి పూజ చేస్తుంది.

"ఏమే లీలా, శనివారం వానొస్తుందా? మావారు గుడి హాలు బుక్ చేద్దామంటున్నారు."

"ఇప్పుడే ఎలా చెప్పనే? శుక్రవారం అడుగు."

"శుక్రవారానికి హాలు దొరకదు."

"దొరక్కపోతే పోయింది. నేనున్నాను కదా."

వాళ్లాయన పద్మనాభం గారికి అన్నిటికీ భయమే. హాల్లో కూర్చుని తింటే అది వనభోజనమెలా అవుతుంది? వద్దనేశాను. రాధ నా మాట కాదనదు. అమెరికా వచ్చిన మొదటి చలికాలం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి ఒకే కోటు వంతులేసుకొని తొడుక్కున్నవాళ్లం.

మే 2, శుక్రవారం

మ్యాపు గీశాను. ఇంత చక్కగా ఎప్పుడూ కుదరలేదు. దక్షిణం నుంచి వేడి, తేమ వస్తున్నాయి. కంప్యూటర్లు వానంటున్నాయి. క్లాసులో అందరూ వానే పెట్టారు. నేను సరస్సును అడిగాను. రేపు మధ్యాహ్నానికి చల్లగాలి లోపలికి వస్తుంది, వాన పడదు. సున్నా పెట్టాను. రాత్రయ్యాకే ఏమన్నా ఉంటే.

రాధకు మెసేజ్ పెట్టాను: "చీకటి పడేదాకా చుక్క పడదు. పట్టుచీర కట్టుకో." మా తెలుగువాళ్ల గ్రూపులో అది అందరికీ పంపి, "వాతావరణం లీల గారు చెప్పారు" అని రాసింది. దండాల బొమ్మలు వరసగా వచ్చాయి.

నోవాక్ క్లాసు చివర్లో పడమటి సబర్బుల గురించి ఏదో అన్నాడు. పోటీకి సంబంధం లేని విషయం. అప్పటికే బ్యాగు సర్దుకుంటున్నాను.

మే 3, శనివారం

రాధ ఐసీయూలో ఉంది. రాయలేను.

మే 4, ఆదివారం

రాయాలి. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఎండ బాగానే కాసింది. పూజ అయింది, పక్కనే పార్కు షెడ్డు కింద పులిహోర వడ్డిస్తున్నారు. అంతలో అందరి ఫోన్లూ ఒక్కసారిగా అరిచాయి. అలాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు, అందరి చేతుల్లోంచీ ఒకేసారి. టోర్నడో హెచ్చరిక, వెంటనే లోపలికి వెళ్లండని. జనం లేచారు. పార్కు బాత్‌రూముల దగ్గర ఇటుకల కట్టడం ఉంది, అటు కదిలారు. ఎవరో మైకులో చెప్పారు, కంగారు పడకండి, అది మనకు కాదు, ఉత్తరంగా పోతుంది, కూర్చుని తినండి అని. అందరూ నవ్వుకుంటూ మళ్లీ కూర్చున్నారు.

టోర్నడో రాలేదు. గాలి వచ్చింది. పడమటివైపు ఆకాశం ఆకుపచ్చగా అయింది, అది చూసి అర్థం చేసుకునేలోపే బల్లలు లేచిపోయాయి. షెడ్డు కింద ఉన్నవాళ్లం నేలకు కరుచుకున్నాం. రాధ మాత్రం బయటికి పరిగెత్తింది. ఉసిరి కుండీ కోసం! అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఓక్ చెట్టు కొమ్మ విరిగి ఆమె మీద పడింది.

తలలో రక్తం గడ్డకట్టింది. తొడ ఎముక విరిగింది. రాత్రే తలకు ఆపరేషన్ చేశారు. పద్మనాభం గారు కుర్చీలో బొమ్మలా కూర్చున్నారు. నేను పలకరిస్తే, "డాక్టర్లు చూస్తున్నారు లీల గారూ" అన్నారు, అంతే.

నేను డాక్టర్నే కదా. ఒక్క మాట ధైర్యంగా చెప్పలేకపోయాను.

మే 5, సోమవారం

క్లాసుకు ఎందుకెళ్లానో తెలియదు. ఇంట్లో కూర్చోలేక వెళ్లాను.

నోవాక్ నవ్వుతూ లోపలికి వచ్చాడు. శనివారం విమానాశ్రయంలో ఒక్క చుక్క పడలేదట. గాలి నేను చెప్పినంతేనట. ఎండ ఒక్క డిగ్రీ తేడా. ఈ టర్మ్ మొత్తంలో ఇంత మంచి ఫోర్‌కాస్ట్ ఇంకోటి లేదన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు లేచి నిలబడి ఈల వేశాడు.

బాత్‌రూములోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

నా లెక్క తప్పు కాదు. యంత్రాలే ఒప్పుకున్నాయి. వాన పడలేదు. విమానాశ్రయంలో వాన పడలేదు. నా లెక్క తప్పు కాదు.

అవని సీటు ఖాళీగా ఉంది.

మే 6, మంగళవారం

పార్సిప్పనీ నుంచి ఉజ్వల వచ్చింది. రాధ ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ దగ్గర ఏడ్చి, మందు మాత్రం నా చేత్తోనే వేసుకునేది. నన్ను చూడగానే పట్టుకొని భోరుమంది. "లీలాంటీ, వాళ్లు చెప్పేది నాకేం అర్థం కావట్లేదు. మీరు పక్కనుండండి, ప్లీజ్." ఉన్నాను. డాక్టర్లు చెప్పింది చెప్పినట్టు విడమరచి చెప్పాను. నా చేయి వదల్లేదు.

తర్వాత కాఫీ మిషన్ దగ్గర అడిగింది. "ఆంటీ, మైకులో ఎవరన్నారు? కూర్చోండని? నాన్నని అడిగితే తెలీదంటున్నారు. గ్రూప్‌లో అడిగితే ఒక్కరూ రిప్లై ఇవ్వట్లేదు. అంతమంది ఉన్నారు, ఎవరికీ తెలీదా? ఆ ఇడియట్ ఎవరో నాకు తెలియాలి. మీరక్కడే ఉన్నారు కదా?"

"గోలలో సరిగా వినలేదమ్మా" అన్నాను.

కార్లో ఈయనతో అన్నాను, పాపం ఆ పిల్ల అడుగుతుంటే ఎవరూ చెప్పరేమిటండీ, ఇదేం మనుషులు అని. ఈయన రెడ్ లైట్ దగ్గర ఆగి నా వైపు చూశారు.

"లీలా, నిజంగా గుర్తు లేదా?"

"ఏం గుర్తు లేదా?"

"సరేలే. ఇంటికెళ్లి పడుకో."

ఏమిటా చూపు? ఏమిటా నసుగుడు? ఇంటికొచ్చాక గట్టిగా అరిచాను. చెప్పదలుచుకుంటే చెప్పండి, లేకపోతే నోరు మూసుకోండి అన్నాను. ఇన్నేళ్ల కాపురంలో అంత మాట ఎప్పుడూ అనలేదు. ఈయన అన్నం కలుపుకున్న కంచం అలాగే వదిలేసి లేచారు. చెప్పలేదు.

మే 7, బుధవారం

కాలేజీ పార్కింగ్‌లో అవనిని పట్టుకున్నాను. నన్ను చూసి కారెక్కబోయింది. అద్దం మీద కొట్టాను.

"క్లాసుకెందుకు రావడం లేదు?"

"ఆంటీ, ఐ కాంట్. వాళ్లు నీకు క్లాప్ చేశారంట. నేను అక్కడ ఉంటే ఏడ్చేదాన్ని."

"ఎందుకు?"

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకొని చూసింది. ఈయన చూసిన చూపే. "నేను నీకు రేడార్ చూపించాను కదా, ఆంటీ. అలర్ట్ వచ్చినప్పుడు. నా ఫోన్‌లో. రెడ్ మొత్తం మన మీదికి వస్తుంది. నువ్వు చూసి, 'అది నార్త్‌కి పోతుంది, నేను నిన్ననే చూశాను' అన్నావ్. నేను 'ఆంటీ, ప్లీజ్' అన్నాను. నువ్వు మైక్ తీసుకున్నావ్."

"నేనా?"

"నువ్వే, ఆంటీ. మా డాడీ ఆల్రెడీ నడుస్తున్నాడు. నువ్వు చెప్తే వెనక్కి వచ్చాడు. అందరూ వచ్చారు. నువ్వు డాక్టర్ కదా."

ఆ కారు తలుపే పట్టుకున్నాను. అవని దిగి నన్ను సీట్లో కూర్చోబెట్టింది. ఏడుస్తూనే తన మ్యాపు తీసింది. రంగు పెన్సిళ్లతో గీసింది, నన్ను చూసే నేర్చుకుందట. శనివారం సరస్సు గాలి వచ్చింది, నేను చెప్పినట్టే వచ్చింది. విమానాశ్రయాన్ని చల్లబరిచింది. ఇంకా పడమటికి నడిచి నడిచి మా నేపర్‌విల్ దాటి, ఆ పార్కు దగ్గర ఆగింది. ఆగిన చోట దక్షిణం నుంచి వచ్చిన వేడిగాలి దాని మీదికెక్కింది. మేఘం లేచింది అక్కడే. ఏ చల్లగాలిని నమ్మి నేను సున్నా పెట్టానో, అదే మా నెత్తిన ఆ మేఘాన్ని లేపింది.

"ప్రొఫెసర్ ఫ్రైడే చెప్పాడు కదా, ఆంటీ. వెస్ట్ సబర్బ్స్ జాగ్రత్త అని. నీ ఫోర్‌కాస్ట్ ఎయిర్‌పోర్ట్‌కి కరెక్టే. మనం ఎయిర్‌పోర్ట్‌లో లేం కదా."

క్లాసులో ఆఖరున ఉండే పిల్ల నాకు చెప్పింది. నెలల తరబడి ఒకే చోటికి లెక్కలు వేసి వేసి, ఈ దేశంలో వాన పడేది అక్కడొక్కచోటే అన్నట్టు తయారయ్యాను. రాధ అడిగింది పార్కు గురించి. నేను చెప్పింది విమానాశ్రయం గురించి. కొత్తగా లెక్క వేయాలని తోచనైనా తోచలేదు.

మే 8, గురువారం

నాలుగో తేదీన రాసింది చదివాను. ఎవరో మైకులో చెప్పారు. ఎవరో! నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో నాకు నేనే ఎవరో అయ్యాను.

ఇప్పుడు అంతా గుర్తొస్తోంది. మైకు తడిగా ఉంది, అంతకుముందు ఎవరో పిల్లలు పాడారు. నా గొంతు స్పీకర్లో భలే గట్టిగా వినపడింది. జనం కూర్చోవడం చూసి నాకు సంతోషం వేసింది. అవును, సంతోషమే. లీల చెబితే అంతే అనిపించింది.

అందరికీ తెలుసు. పద్మనాభం గారికి తెలుసు. గ్రూపులో దండాల బొమ్మలు పెట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మర్యాదకొద్దీ నోరు విప్పడం లేదు. తెలియనిదల్లా ఉజ్వలకే. ఆ పిల్ల ఆసుపత్రిలో నా భుజం మీదే తలపెట్టి నిద్రపోతోంది.

రేపు చెబుతాను.

మే 9, శుక్రవారం

చెప్పలేదు. రాధ కళ్లు తెరిచింది. ఉజ్వల ఆనందంతో నన్ను ఎత్తుకున్నంత పని చేసింది. ఆ సంతోషంలో ఎలా చెప్పను?

మే 10, శనివారం

చెప్పలేదు. సాకు కూడా లేదు.

మే 11, ఆదివారం

ఈరోజు మదర్స్ డే. ఆసుపత్రివాళ్లు ప్రతి మంచానికీ ఒక గులాబి రంగు పువ్వు పెట్టారు. రాధకు గొట్టాలు తీసేశారు. గొంతు బొంగురుపోయింది గాని మాట స్పష్టంగానే ఉంది. మంచినీళ్లు ఇంకా ఇవ్వకూడదు, చెంచాతో ఐసు ముక్కలు పెట్టమన్నారు. అటు ఉజ్వల, ఇటు నేను. పద్మనాభం గారూ ఈయనా కిటికీ దగ్గర నిలబడ్డారు.

ఉజ్వల ఊరుకోలేదు. "అమ్మా, నీకు గుర్తుందా? మైకులో ఎవరన్నారు?"

పద్మనాభం గారు కిటికీ వైపు తిరిగారు.

రాధ కూతురి వైపే చూసింది. "నేనే అన్నానే."

"వాట్?"

"నేనే. ఇంత వంట చేశాం, ఇప్పుడు లేస్తే ఎలా అనిపించింది. కూర్చోమన్నాను."

"అమ్మా! నీకేమైనా బుద్ధుందా? ఫోన్‌లు మోగుతుంటే? అక్కడ చిన్నపిల్లలున్నారు! నీ పిచ్చి వనభోజనం కోసం అందరినీ చంపేదానివి తెలుసా? నువ్వు చచ్చిపోయేదానివి!"

ఆ పిల్ల తిడుతూనే ఉంది. కట్టుకట్టిన తలతో రాధ కళ్లు దించుకొని అన్నీ పడింది. నాకు హమ్మయ్య అనిపించింది. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ మొదట అనిపించింది అదే. గండం గడిచింది అనుకున్నాను. నేను ఇలాంటి మనిషినని ఈ వయసులో తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ గాలి చూసినప్పుడు కూడా నేనింత హడలిపోలేదు.

"ఉజ్వలా, ఆపు" అన్నాను. "మీ అమ్మ అబద్ధం చెబుతోంది. ఆ మాట అన్నది నేను. అవని రేడార్ చూపించినా నేనే వినలేదు. లేచినవాళ్లను కూర్చోబెట్టింది నేనే. నువ్వడిగినప్పుడు తెలియదని చెప్పింది కూడా నేనే."

ఉజ్వల నా మొహంలోకి చూసింది. అర్థం కానట్టు చూసింది, తర్వాత అర్థమైంది. కోపంగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా పక్కనున్న తన బ్యాగు తీసుకొని మంచం అవతలికి మార్చుకుంది.

"మీరు ఇన్ని రోజులు నా పక్కనే కూర్చున్నారు, ఆంటీ" అంది. అంతే అంది.

అప్పుడు రాధకు కోపమొచ్చింది. నా మీద!

"ఒసేయ్ లీలా, నీకు ప్రతిదాంట్లో ఆఖరి మాట నీదే కావాలి కదే?" ఆ బొంగురు గొంతుతోనే విరుచుకుపడింది. "తల పగిలింది నాది. కాలు విరిగింది నాది. తప్పు ఎవరి మీద వేసుకోవాలో కూడా నువ్వే చెబుతావా?"

"రాధా..."

"క్షమించమని మాత్రం అడక్కు. ఇప్పుడు నాకు ఒళ్లంతా నొప్పులు. తగ్గాక ఆలోచిస్తాను. క్షమిస్తానో లేదో నాకే తెలియదు."

ఆమె నాలుక పెదవుల మీద తిప్పుకుంది. ఎండిపోయాయి. పద్మనాభం గారు ఇంకా కిటికీలోంచే చూస్తున్నారు. ఈయన తల దించుకున్నారు. ఉజ్వల కప్పు కోసం చేయి చాపింది. నా చేతిలోంచి తీసుకోబోయింది.

"దాన్నే పెట్టనీ" అంది రాధ. కళ్లు మూసుకొని నోరు తెరిచింది.

పెట్టాను. సగం ఐసు మెడ మీద పడింది. తిట్టింది. తుడిచి ఇంకో చెంచా పెట్టాను.